టచప్ మేన్ కావలెను

గిటార్లు బాగుచేయడం నేర్చుకుంటున్న కుర్రాళ్ళు కొందరు, అమ్మాయిలు కూడా ఇద్దరు ముగ్గురు ఉన్నారట, వాట్సాప్‌లో ఒక గ్రూపు పెట్టి నన్ను అందులో పడేశారు. గిటార్ మీద రంగు పెచ్చు ఊడిపోతే మచ్చ తెలియకుండా అద్దడానికి ఏ పొడులు కొనాలి, ఎన్ని గ్రాములు కొనాలి, ఒక లిస్టు రాసిపెట్టండి మాస్టారూ అని రోజూ అడుగుతున్నారు. లిస్టు నిమిషం పని. తెలుపు, నలుపు, పసుపుమట్టి, ఎర్రమట్టి, కాల్చిన గోధుమరంగు మట్టి. ఈ ఐదూ ఉంటే చాలు. కిట్టు పేరు చెప్పి అమ్మే మిగతా నలభై డబ్బాలూ అమ్మేవాడి పిల్లల ఫీజులకి పనికొస్తాయి. ఇంతటితో ఆపేస్తే నేనేదో ఈ ఐదు డబ్బాలూ చంకన పెట్టుకునే పుట్టానని మీరనుకుంటారు. అందుకని అవి నాకు ఎవరి వల్ల తెలిశాయో, ఆయనకి నేనేం చేశానో కూడా రాస్తున్నాను. చదివాక నన్ను గ్రూపులోంచి తీసేయాలనిపిస్తే మొహమాటపడకండి.

నేను నేతవాళ్ళ ఇంట్లో పుట్టాను. మా నాన్న నూలుకి రంగులద్దేవాడు. ఆయన అద్దిన పసుపు గురించి చుట్టుపక్కల ఊళ్ళలో చెప్పుకునేవారు. నేను మాత్రం ఆ గంగాళాల పక్కన నిలబడటానికి బద్ధకించి బెజవాడ వచ్చేశాను. పని నేర్చుకోలేదు గానీ గొప్పని మాత్రం మూటగట్టి తెచ్చుకున్నాను. గవర్నరుపేటలో ఒక వాయిద్యాల షాపులో, మేడమీద రిపేరు గదిలో చేరి, ముప్ఫై ఏళ్ళపాటు వచ్చినవాళ్ళందరికీ రంగు మా రక్తంలోనే ఉందని చెప్పాను. వాళ్ళు నమ్మారు. వాళ్ళకంటే నేను ఎక్కువ నమ్మాను.

మా ఓనరుది పామర్రు వైపు రైతు కుటుంబం. అంతకుముందు ఎరువుల కొట్టు నడిపాడు. సంగీతం గురించి ఆయనకి ఏమీ తెలియదు, తెలియదన్న సంగతి కూడా తెలియదు. గిటార్ చేతికిస్తే ముందు బరువు చూసేవాడు. బరువుంటే మంచి సరుకన్నమాట. అయితే వ్యాపారం తెలిసిన మనిషి. ఇంజనీరింగ్ కాలేజీలు పెరిగి, ప్రతి హాస్టల్ గదికీ ఒక గిటారూ, ప్రతి గిటార్‌కీ నాలుగు గాట్లూ తయారయ్యేసరికి, ఈ రంగు పని నా ఒక్కడి వల్ల కాదని గ్రహించి లోకల్ పేపర్లో ప్రకటన వేయించాడు. ముందు 'గిటార్ టచప్ మేన్ కావలెను' అని నాచేతే రాయించాడు. మాటకింత అని తీసుకుంటారని తెలిశాక 'గిటార్' కొట్టేయించాడు. షాపు పేరులోనే మ్యూజిక్ ఉంది కదా, ఆ మాత్రం అర్థం చేసుకోలేనివాడు మనకెందుకండీ అన్నాడు.

మూడో రోజుకి ఒకాయన వచ్చాడు. యాభై దాటినవాడు, ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, చేతిలో రేకుపెట్టె. ఊరు కూచిపూడి అన్నాడు. కూర్చోబెట్టి ఓనరు ఇంటర్వ్యూ మొదలుపెట్టాడు.

"టచప్ బాగా వచ్చాండీ?"

"ముప్ఫై ఏళ్ళ నుంచీ అదే పనండి."

"మా దగ్గరికి ఎక్కువగా పాతవి వస్తాయి. వాటి మీద చేయి తిరుగుతుందా?"

ఆయన కాస్త ఇబ్బందిగా నవ్వి, "వయసు మళ్ళినవాళ్ళకే నా చేయి బాగా కుదురుతుందండి. ముడతలు కూడా కనపడనివ్వను," అన్నాడు.

పాత గిటార్ల మీద పాలిష్ పగిలి గీతలు పడతాయి. ముడతలంటే అవేననుకున్నాడు ఓనరు. నేను కూడా అలాగే అనుకున్నాను. ఎంత చక్కని మాట వాడాడో అని తల కూడా ఊపాను. అక్కడికక్కడే జీతం మాట్లాడి మర్నాడే రమ్మన్నాం. మర్నాడు పొద్దున్నే వచ్చి, మేడెక్కి, రేకుపెట్టె తెరిచి, కుంచెలూ పొడులూ అద్దమూ వరసగా పేర్చి, మంచి తెల్ల తువ్వాలు ఒకటి కుర్చీ వెనక్కి వేసి, ఆర్టిస్టులు ఎన్నింటికి వస్తారండీ అని అడిగాడు.

ఆయన డాన్సు ట్రూపులకి మేకప్ వేసే మనిషి. మా షాపు తరఫున ప్రోగ్రాములు నడుస్తాయనుకున్నాడు. నేను నవ్విన నవ్వుకి కింద కౌంటర్లో వాళ్ళు పైకొచ్చారు. వాళ్ళకి చెప్పి మళ్ళీ నవ్వాను. ఆయన మాత్రం తువ్వాలు మడతపెట్టి, పెట్టె మూసి, పొరపాటైందండీ, వెళ్ళొస్తాను అన్నాడు. వెళ్ళనిస్తే ఓనరు ప్రకటనలో తప్పు రాయించినట్టు ఒప్పుకున్నట్టే కదా. ఆయన జన్మలో ఒప్పుకోడు. ముఖమైతే ఏంటి, గిటారైతే ఏంటి, పూసేది రంగే కదా, నెల రోజులు చూడండి అని కూర్చోబెట్టాడు. వచ్చినాయనకీ అవసరం ఉంది. ఈమధ్య డాన్సు చేసేవాళ్ళు బ్యూటీపార్లర్ వాళ్ళని వెంట తెచ్చుకుంటున్నారట. ట్రూపుల వెంట ఊళ్ళు తిరగడానికి మోకాళ్ళు సహకరించడం లేదట. ఒకచోట కూర్చుని చేసే పని దొరికితే చాలన్నాడు.

నేను ఆయనకి 'మేకప్ గారు' అని పేరు పెట్టాను. అది షాపంతా పాకింది. గిటార్‌కి ముందు పౌడరద్దుతారా, కాటుక పెడతారా అని రోజుకో జోకు వేసేవాణ్ణి. ఆయన కూడా నవ్వేవాడు, అదే నాకు నచ్చేది కాదు. పైగా పని చూస్తే నవ్వే పరిస్థితి లేదు. గోధుమరంగు గిటార్ ఒకటి ఇస్తే, నేను గోధుమరంగు డబ్బా ఒకటి తీస్తాను. ఆయన తెలుపు, పసుపుమట్టి, ఎర్రమట్టి, చిటికెడు నలుపు తీస్తాడు. డబ్బాలో ఉన్నప్పుడు కనిపించే రంగు రంగే కాదండీ, తడిస్తే వేరు, ఆరితే వేరు అంటాడు. గాజుముక్క మీద కాస్త కలిపి, దానికి క్లియర్ వార్నిష్ చుక్క తగిలించి, ఆరేదాకా ఊరికే కూర్చుంటాడు. నాకా ఊరికే కూర్చోవడం చూస్తే ఒళ్ళు మండేది. ఆరాక దాన్ని పట్టుకుని మెట్లు దిగి వీధి గుమ్మంలోకి వెళ్తాడు. ఎందుకండీ అంటే, ట్యూబులైటు కింద చూస్తే అందరికీ కామెర్లొచ్చినట్టే ఉంటుందండీ అన్నాడు. నెల తిరిగేసరికి ఆయన చేసిన మచ్చలు ఎక్కడున్నాయో ఆయనకే దొరకడం లేదు. నేను చేసినవి మాత్రం గుమ్మంలోంచే పలకరించేవి. ఓనరు ఆయన ఉద్యోగం ఖాయం చేశాడు. ఆయన సత్యనారాయణపురంలో గది అద్దెకు తీసుకుని భార్యని కూడా తెచ్చుకున్నాడు. ఆ సందర్భంగా నాకు పెసరట్టు తినిపించాడు. తిన్నాను, జోకులు మాత్రం ఆపలేదు.

అప్పుడొచ్చింది ఆ మీగడరంగు గిటార్. తెచ్చినావిడది చల్లపల్లి. వయసు అరవైకి దగ్గర. పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాల్లో ముప్ఫై ఏళ్ళకి పైగా గిటార్ వాయించారు. ఆడమనిషి గిటార్ వాయించడమేమిటని ఊరేగింపులు ఆపి చూసిన రోజుల్లోంచి వచ్చిన మనిషి. వచ్చే శుక్రవారం సాయంత్రం బెజవాడలో ఆవిడకి సన్మానం, సన్మానం తర్వాత వాయించాలి. ఆటో ఎక్కేటప్పుడు గిటార్ జారిపడి ముందువైపు రూపాయిబిళ్ళంత పెచ్చు లేచిపోయింది. మొత్తం కొత్త రంగేస్తే ఒక్కరోజు పనండీ అని ఓనరు అన్నాడు.

"ఒళ్ళంతా రంగేస్తే అది నా గిటార్ కాదు బాబూ. నాతోపాటే ముదిరింది అది. మచ్చ ఒక్కటీ పోగొట్టండి చాలు," అందావిడ.

పనిని ఓనరు నాకివ్వలేదు, మేకప్ గారికిచ్చాడు. సోమవారం అంతా కూర్చుని ఆయన రంగు కలిపి, చిన్న సీసాలో పోసి, గిటార్ పక్కన పెట్టాడు. బుధవారం వేస్తానన్నాడు. మంగళవారం ఊళ్ళో అన్నగారి ఇంట్లో ఏదో పనుందని వెళ్ళాడు. నేను సీసా మూత తీసి చూశాను. ఏదో మురిగ్గా ఉంది. గిటార్‌కి తీగల కింద ప్లాస్టిక్ రేకొకటి ఉంటుంది. నేను ఆ రేకు విప్పి, దాని కింద ఎండా చెమటా తగలని చోట చూశాను. అక్కడ స్వచ్ఛమైన తెలుపు. అసలు రంగు ఇదీ, ఈయనకి రేకు విప్పి చూడాలన్న జ్ఞానం కూడా లేదనుకున్నాను. నిజానికి ఆయన ఆ రేకు సోమవారమే విప్పి చూశాడు. చెవి వెనకాల రంగు చూసి ముఖానికి మేకప్ వేయకూడదండీ, ముఖం ఎండలో తిరిగింది అని నాకు చెప్పాడు కూడా. జోకనుకుని నవ్వాను.

తెల్లగా వేశాను. మీగడరంగు మధ్యలో ఆ తెలుపు కొత్తగా కట్టించిన పన్నులా ఉంది. కాస్త పసుపు పడాలి. అప్పుడు నాకు రక్తం గుర్తొచ్చింది. మా నాన్న డబ్బాలోంచి తెచ్చి దాచుకున్న అద్దకపు పసుపు ఒక పొట్లం నా సొరుగులో ఉండేది. చిటికెడు తీసి కలిపాను. ఎంత అందంగా కరిగిపోయిందో. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, మీరడిగిన పాఠం ఇదొక్కటే. మనం రెండింటినీ రంగు అనే అంటాం గానీ అవి రెండు జాతులు. పిగ్మెంట్ పొడి కరగదు, నలకలు నలకలుగా ఉన్నచోటే ఉంటుంది. బట్టలకి అద్దే రంగు కరుగుతుంది. కరిగింది ఉన్నచోట ఉండదు, పైన వార్నిష్ పడగానే దారి చూసుకుంటుంది. మా ఇంట్లో ఆడవాళ్ళు కొత్తచీర కొంటే మొదట అడిగే మాట, రంగు కారుతుందా అని. అద్దకపువాడి కొడుకుని, నాకు ఆ మాట గుర్తు రాలేదు.

ఆరాక చూస్తే మచ్చ లేదు. ఆనందంతో దాని మీద క్లియర్ కొట్టి ఇంటికెళ్ళిపోయాను. నేనే చేశానని ఓనరుకి చెప్పి ఆయన మొహం చూడాలని రాత్రంతా ఉబలాటం. బుధవారం పొద్దున నేను వెళ్ళేసరికి, మచ్చ చుట్టూ రెండు వేళ్ళ వెడల్పున పసుపు పాకి ఉంది. పెళ్ళికూతురి పాదంలా పచ్చగా ఉంది. నేను గుడ్డ తీసి తుడుస్తుండగానే ఆవిడ మెట్లెక్కి వచ్చేసింది. ఎలా ఉందో చూద్దామని ఒకరోజు ముందే వచ్చిందట. వెనకే ఓనరు.

ఆవిడ అరవలేదు. గిటార్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుండిపోయింది, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఓనరే అరిచాడు, ఎవరు చేశారిది అని. అప్పుడే మేకప్ గారు బస్సు దిగి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, చేతిసంచి ఇంకా భుజానే ఉంది. నేను ఆయన వైపు చూడకుండా చెప్పాను.

"ఆయన కలిపి పెట్టిన రంగే వేశానండి. ముఖాలకి పూసే అర్దళం ఏదైనా కలిపారేమో."

అర్దళమంటే పూర్వం వేషాలు కట్టేవాళ్ళు ముఖానికి పూసుకున్న పచ్చపొడి. వాళ్ళ నాన్న వాడిందని చిన్న భరిణెలో కొంచెం ఆయన పెట్టెలో ఉండేది. ఎప్పుడూ వాడేవాడు కాదు, నాకు ఆప్యాయంగా చూపించాడు, అంతే. అబద్ధం చెప్పడానికి నాకు అంతకంటే మంచి సరంజామా దొరకలేదు.

ఆయన బల్ల వైపు చూశాడు. ఆయన కలిపిన సీసా నిండుగా, మూతతో సహా అక్కడే ఉంది. నా సొరుగు సగం తెరిచి ఉంది, పొట్లం పైనే ఉంది. తర్వాత నా ముఖం చూశాడు. ముప్ఫై ఏళ్ళు ముఖాలు చూసిన మనిషి. నేను ఒక్క మాట అంటానని ఎదురుచూసినట్టున్నాడు. నేను చేతిలో గుడ్డ మడతపెట్టుకున్నాను.

"పొరపాటు నాదేనండి," అన్నాడు ఓనరుతో. "రేపు సాయంత్రానికి బాగుచేసిస్తాను. అమ్మా, మీరు దిగులు పడకండి."

కస్టమర్ ఎదుట పరువుపోయిందన్న కోపంలో ఓనరు ఊగిపోయాడు. బాగుచెయ్యండి, చేసి శనివారం లెక్క చూసుకుని వెళ్ళిపోండి, ముఖాలకి పూసేవాణ్ణి తెచ్చి పెట్టుకున్నాను చూడండి, నాదీ బుద్ధితక్కువ అన్నాడు. తన బుద్ధితక్కువని ఆయన ఒప్పుకోగా నేను విన్నది అదొక్కసారే.

ఆ పూటా మర్నాడూ ఆయన చేసిన పని నేను పక్కన నిలబడి చూశాను. చూడక తప్పలేదు, గది ఒకటే. పసుపు పాకినంత మేరా ఓపిగ్గా గీకేశాడు. మిగిలిన మరక పైకి రాకుండా పల్చగా లక్క పాలిష్ పూశాడు. ఆరాక, బల్ల మీదున్న ఆ సీసానే తీశాడు. నేను మురికి అనుకున్న రంగే. ఊపి, మూత తీసి, అద్దాడు. ఆ సీసాలో రంగు వాడటం అదే మొదటిసారని గదిలో తెలిసినవాళ్ళం ఇద్దరమే. గురువారం సాయంత్రం ఆవిడని గిటార్ మెడలో వేసుకుని వీధి గుమ్మంలో నిలబడమన్నాడు. తను రోడ్డు దాటి అవతల టీబడ్డీ దగ్గర నిలబడి, చూసేవాళ్ళు కుర్చీల్లోంచి చూసినట్టు, చాలాసేపు చూశాడు. తిరిగొచ్చి ఒక్క చోట, చీపురుపుల్ల మొనంత, గోధుమరంగు తాకించాడు. మచ్చ ఎక్కడుందో ఆవిడ వేలితో తడిమి వెతుక్కుంది, దొరకలేదు. నా ముఖానికి కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా వెయ్యలేదయ్యా అంది. ఆయన చేతులు పట్టుకుని ఏడ్చింది. అప్పుడు నోరు విప్పినా సరిపోయేది. మా ఓనరు కూడా కాస్త మెత్తబడి నా వైపు చూశాడు, ఉంచేద్దామా మాస్టారూ అన్నట్టు. నేను కిటికీ వైపు తిరిగి కుంచెలు కడుక్కున్నాను.

శనివారం ఆయన పెట్టె సర్దుకున్నాడు. కింద అందరికీ చెప్పి, మళ్ళీ పైకొచ్చి, కాగితంలో కట్టిన పొట్లం ఒకటి నా బల్ల మీద పెట్టాడు.

"పసుపుమట్టి మాస్టారూ. ఇది కారదండి," అన్నాడు.

ఎత్తిపొడుపు లేదు, కోపం లేదు. ఒక పనివాడు ఇంకో పనివాడికి చెప్పినట్టే చెప్పాడు. ఆయన మెట్లు దిగుతుంటే మోకాలి నొప్పికి ప్రతి మెట్టు దగ్గరా ఆగడం వినపడుతూనే ఉంది. సత్యనారాయణపురం గది ఖాళీ చేసి భార్యని తీసుకుని ఊరెళ్ళిపోయాడని తర్వాత తెలిసింది. బెజవాడ నుంచి కూచిపూడి బస్సులో గంటన్నర, మహా అయితే రెండు గంటలు. ఆ తర్వాత పదేళ్ళు నేను ఉద్యోగం చేశాను. ఆ రెండు గంటలు నాకు కుదరలేదు.

ఆ పదేళ్ళూ నేను చేసినదంతా ఆయన పనే. ఆరేదాకా ఊరికే కూర్చోవడం నేర్చుకున్నాను. గాజుముక్క పట్టుకుని వీధి గుమ్మంలోకి దిగడం నేర్చుకున్నాను. చెవి వెనకాల రంగు చూడకూడదని కుర్రాళ్ళకి చెప్పి, నా సొంత మాటలా నవ్వించాను. గుంటూరు నుంచీ ఏలూరు నుంచీ గిటార్లు వచ్చాయి. మాస్టారి చేయి పడితే మచ్చ తెలియదన్నారు. మీరు నన్ను గ్రూపులో చేర్చింది ఆ పేరు చూసే.

పోయినేడు నేను రిటైరయిన రోజున ఓనరు షాపు మేడమీద చిన్న సభ పెట్టాడు. ఫ్లెక్సీ వేయించాడు, ఈసారి మాటలకి వెనకాడలేదు. కస్టమర్లు వచ్చారు, శాలువా కప్పారు. నన్ను మాట్లాడమన్నారు. నేను అప్పటికి వారం రోజులుగా ఇంట్లో అద్దం ముందు కూడదీసుకున్న ధైర్యమంతా పెట్టి, ఆ మీగడరంగు గిటార్ సంగతి చెప్పాను. ఆ పసుపు నాదని చెప్పాను. అబద్ధమాడి ఒక మంచి పనివాణ్ణి వెళ్ళగొట్టించానని, నాకొచ్చిన పనంతా ఆయనదేనని చెప్పాను. హమ్మయ్య, ఇక తిడతారనుకున్నాను.

మా ఓనరు లేచి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"చూశారా అండీ," అన్నాడు. "ఎవరో వెళ్ళిపోయినాయన చేసిన తప్పు కూడా తన నెత్తినేసుకుంటున్నారు. అదీ మా మాస్టారంటే."

అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఇంకోసారి చెప్పడానికి నోరు తెరిచాను. ఫోటోలు తీస్తున్నారు, శాలువా జారుతోంది. సర్దుకుని కూర్చున్నాను.